కోటా, కోనా: ఈ నెల అన్నీ నీళ్ల ప్రశ్నలే

గుత్తి కోట కింద పుట్టాను. అక్కడే హైస్కూల్లో ముప్పై రెండేళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. క్లాసులో కూర్చుంటే కిటికీలోంచి కొండ కనబడేది. పిల్లల చూపు పుస్తకం మీద నిలవని రోజున పుస్తకాలు మూయించి కొండెక్కించేదాన్ని. ఆ అలవాటే నన్ను ఈ శీర్షిక దాకా తెచ్చింది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలామంది నీళ్ల గురించే అడిగారు. కోట మీదికి నీళ్లెలా వచ్చాయని కొందరు, జలపాతం దగ్గర నీళ్లను ఎంతవరకు నమ్మొచ్చని కొందరు. అందుకే ఈసారి ఆ ఉత్తరాలకు ఎక్కువ చోటిచ్చాను.

ప్రశ్న: టీచర్ గారూ, మొన్న స్నేహితులతో కలిసి గుత్తి కోట ఎక్కాం. అంత ఎత్తున సైన్యం, గుర్రాలు ఉండేవంటే వాటికి నీళ్లెక్కడివి? ఏదో సొరంగం గుండా కింది చెరువు నీళ్లు పైకొచ్చేవని ఒకాయన చెప్పాడు. నిజమేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కర్నూలు

జవాబు: నాయనా, సొరంగం కథ మా ఊళ్లో పాతదే. మా జేజి చెప్పేది, ఆమెకు వాళ్ల జేజి చెప్పిందట. ఇన్నేళ్లలో నాకు ఆ సొరంగం కనబడలేదు. నీళ్లెలా వచ్చాయో మాత్రం బండ మీదే కనబడుతుంది. ఈసారి ఎక్కినప్పుడు బురుజులు చూడటం కాసేపు ఆపి నీ కాళ్ల కింద చూడు.

ముందు ఒక లెక్క చెప్తాను, నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నావు కాబట్టి ఇష్టంగా వింటావు. ఒక ఎకరం బండ మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 40 వేల లీటర్ల నీళ్లు. మా అనంతపురం కరువు సీమే అయినా ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన ఉంది. అంటే ఒక్క ఎకరం బండ ఏడాదికి 22 లక్షల లీటర్లు ఇస్తుంది. ఎండకు ఆవిరయ్యేది, పగుళ్లలోకి జారిపోయేది తీసేసినా ఇంకా చాలానే మిగులుతుంది. మట్టి నేల వాన నీటిని తాగేస్తుంది, నల్లరాతి బండ తాగదు, పడినదంతా కిందికి వదిలేస్తుంది. కోట కట్టినవాళ్లు ఆ సంగతి తెలుసుకుని, వదిలేసిన నీళ్లను దారిలో పట్టుకున్నారు.

ఎలా పట్టుకున్నారో ఒక చోట చూపిస్తాను. పై కోటకు పోయే దారి పక్కన ఒక దొన ఉంది. దొన అంటే కొండ మీద రాతిలో నీళ్లు నిలిచే గుంట, మా వైపు మాట. దాని పైనున్న వాలు మీద నాలుగు వేళ్ల వెడల్పు గాడి ఒకటి ఏటవాలుగా దిగుతుంది. వంగి వేలు పెట్టి చూస్తే ఉలి గాట్లు ఒకదాని పక్కన ఒకటి తగులుతాయి. మెట్ట చేలో నాగటి చాలు ఎంత వరసగా ఉంటుందో అంత వరసగా ఉంటాయి. ఆ గాడి నేరుగా దొనలో పడదు. ముందు గంపంత చిన్న గుంటలో పడుతుంది. వాన నీటితో కొట్టుకొచ్చే ఇసుక, ఆకులు అక్కడ ఆగిపోతాయి, పైన తేరిన నీళ్లు మాత్రం అంచు దాటి దొనలోకి పోతాయి. ఇవాళ మనం ఇంటి మీది వాన నీళ్లకు ఫిల్టరు కట్టుకుంటున్నామే, పని అదే. నేను చూసినప్పుడల్లా ఆ గుంటలో పిడికెడు ఎర్రటి ఇసుక ఉంటుంది. వందల ఏళ్ల కింద ఎవరో కూలీ తవ్విన గుంట, ఇప్పటికీ తన పని మానలేదు. దాని పక్కన కూర్చుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమ్మగిల్లుతాయి.

బండ పల్లంగా ఉన్న చోట ఇటుకా సున్నమూ కలిపి అడ్డుకట్ట వేశారు. లోతు దొరికిన చోట మెట్ల బావి చేశారు. గుత్తి కోట మీద నూట ఎనిమిది బావులని మా ఊళ్లో మాట. నా పిల్లలతో కలిసి ఒక వేసవిలో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముళ్లపొదల్లో మునిగిపోయినవే చాలా ఉన్నాయి, అందుకే లెక్క మధ్యలో ఆగింది.

బుక్కరాయల కాలం నాటి శాసనం ఒకటి గుత్తిని కోటలకు రాజు అని పొగిడింది. అంతటి కోట చివరికి దేనివల్ల చేజారిందో చెప్తాను, నీ ప్రశ్నకు అసలు జవాబు అదే. అప్పుడు కోట మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే చేతిలో ఉంది. మైసూరును ఏలుతున్న హైదరలీ ముట్టడించాడు. ఊరూ కింది కోటా ముందు పోయాయి. జనం, గుర్రాలు, పశువులు అంతా పై కోటకు చేరుకున్నారు. పైనున్న నీళ్లు దళం వరకు లెక్కేసి పట్టిన నీళ్లు, ఊరందరి గొంతులూ తడపడానికి చాలలేదు. సంధి మాటలు నడిచాయి. ఇంత సొమ్ము ఇస్తామని ఒప్పుకుని, పూచీగా ఒక కుర్రవాణ్ని హైదర్ దగ్గరికి పంపారు. పైన నీళ్లు అయిపోవచ్చాయన్న సంగతి ఆ కుర్రవాడి నోట మాటల మధ్య దొర్లిందని చెబుతారు. ఇక హైదర్ సంధి ఎందుకు చేసుకుంటాడు? కదలకుండా కూర్చున్నాడు. 1776లో కోట దిగిపోయింది. మురారిరావును కర్ణాటకలోని కబ్బాళదుర్గానికి పంపారు, అక్కడే చనిపోయాడు. కొండ అంచున మురారిరావు గద్దె అని ఒక చిన్న మంటపం ఉంది, నువ్వు చూసే ఉంటావు. ఆయన అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడంటారు. ఈసారి అక్కడ నిలబడి కిందికి చూస్తూ ఒక్కసారి గుర్తు చేసుకో, ఆ గోడలను ఫిరంగి కూల్చలేదు, దాహం కూల్చింది.

మిగతా కోటల్లోనూ ఇదే వెతుకు. కొండవీడులో రెడ్డిరాజులు కొండ మీదే మూడు చెరువులు నిలిపారు: ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. గండికోటలో రాయల చెరువు, కత్తుల కోనేరు ఉన్నాయి. నెల్లూరు వైపు ఉదయగిరిని పట్టడానికి శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికి దాదాపు 18 నెలలు పట్టింది. 1513లో మొదలైన ముట్టడి 1514లో గానీ ముగియలేదు. అన్ని నెలలు పైనున్నవాళ్లు తట్టుకున్నారంటే దొనలు ఎంత నిండుగా ఉండి ఉంటాయో ఆలోచించు.

ప్రశ్న: అమ్మా, మేము హైదరాబాదులో ఉంటాం. పదేళ్ల బాబుకు మొదటిసారి ఒక కొండ కోట చూపించాలని ఉంది. ఆదివారం పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి రావాలి. ఏ కోట?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: భువనగిరి. మీ దగ్గర్నుంచి యాభై అరవై కిలోమీటర్లే, రైలు కూడా ఆగుతుంది. ఊరి మధ్యలో అయిదు వందల అడుగులకు పైగా లేచిన ఒకే ఒక్క బండ. దూరం నుంచి చూస్తే గుడ్డు నిలబెట్టినట్టుంటుంది. పశ్చిమ చాళుక్యుల త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించాడు కాబట్టి త్రిభువనగిరి అయింది, జనం నోట నలిగి భువనగిరి అయింది.

ఏడు గంటలకల్లా మొదటి మెట్టు మీద ఉండండి. ఎందుకంటే ఆ బండ పదింటికే పెనంలా కాలుతుంది, దిగేటప్పుడు నీడ దొరకదు. బాబుకు పట్టున్న బూట్లు వేయండి. కొత్త బూట్లు ఆ రోజు మొదటిసారి వేయకండి, మడమ బొబ్బలెక్కితే పిల్లవాడికి కోట గుర్తుండదు, బొబ్బే గుర్తుంటుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి.

సగం దారిలో అలసిపోయి కూర్చుంటే ఒక మాట చెప్పండి. మాలావత్ పూర్ణ, ఆనంద్ అనే ఇద్దరు గురుకుల విద్యార్థులు మొదట శిక్షణ తీసుకున్నది ఈ బండ మీదే. 2014 మే నెలలో ఇద్దరూ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పదమూడేళ్లు. మీవాడి కన్నా మూడేళ్లు పెద్దది, అంతే. నేను ఎంతమంది పిల్లలకు ఈ మాట చెప్పానో, చెప్పిన ప్రతిసారీ వాళ్లు లేచి నడిచారు.

పైన రాజభవనం గోడలు, నీటి గుంటలు చూపించండి. గుంటల్లోకి దిగనివ్వకండి. లోతు కనబడదు, అంచు జారుతుంది.

ప్రశ్న: ముత్యంధార జలపాతం చూడాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాం. వానల్లో పోనివ్వరు. వేసవిలో పోతే నీళ్లుండవు. అడవిలోంచి వేరే దారి ఉందని ఒకరు చెప్పారు. మేం అయిదుగురం, అందరికీ ఈత వచ్చు. ఆ దారి మీకు తెలుసా?
– వరంగల్ కుర్రాళ్లు

జవాబు: నాయనలారా, తెలిసినా చెప్పను. ఎందుకు చెప్పనో మాత్రం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

2023 జులైలో ములుగు జిల్లా వీరభద్రవరం దగ్గర ఆ ముత్యంధార చూడటానికే దాదాపు ఎనభై మంది వెళ్లారు. వెళ్లేటప్పుడు మధ్యలో వాగు నడిచి దాటారు. వచ్చేటప్పటికి అదే వాగు పొంగి ఉంది. చీకట్లో, వానలో అడవిలోనే చిక్కుకుపోయారు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు, పోలీసులు రాత్రి పూట వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్లలో మీలాగా ఈత వచ్చినవాళ్లు ఉండే ఉంటారు. వాగు పొంగితే ఈత పనికిరాదు. ఆ నీళ్లలో రాళ్లు, కట్టెలు వస్తాయి, కాలు రెండు బండల మధ్య ఇరుక్కుంటే నీటి బరువే మనిషిని వంచేస్తుంది.

వాగు ఎలా పొంగుతుందో నేను కళ్లతో చూశాను. పదిహేనేళ్ల కిందట నల్లమలలో పదకొండు మందిమి ఒక వాగు దాటి అవతలి ఒడ్డున భోజనానికి కూర్చున్నాం. చెప్పులు ఇవతలి బండ మీద విడిచి దాటాం. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. మాకు దారి చూపిస్తున్న చెంచు పెద్దాయన అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "అమ్మా, నీళ్లు వాసనొస్తున్నాయి" అన్నాడు. మాకేమీ తెలియలేదు. తర్వాత నాకూ తగిలింది, తడిసిన మట్టి వాసన. వాన లేని చోట ఆ వాసన రాకూడదు. వాగు చప్పుడు మారింది. అంతదాకా గలగల మన్నది కాస్తా బరువుగా, అడుగునుంచి వచ్చినట్టు మోగింది. ఆకులు వచ్చాయి, చిన్న పుల్లలు వచ్చాయి, వాటి వెనక తెల్లటి నురగ వచ్చింది. అద్దంలా ఉన్న నీళ్లు టీ రంగుకు తిరిగాయి. మా చెప్పులు ఉన్న బండ మీదికి నీళ్లెక్కాయి. ఒక్కొక్క చెప్పే లేచి తిరుగుతూ పోయింది. నా గోధుమరంగు చెప్పు ఒకటి బండ అంచున కాసేపు ఆగి, అదీ పోయింది. ఇదంతా పది నిమిషాలు కూడా పట్టలేదు. ఎక్కడో పై కొండ మీద పడ్డ వాన అది, మా నెత్తిన ఒక్క చినుకు పడలేదు. నాలుగు గంటలు ఆ ఒడ్డునే కూర్చుని, నీళ్లు దిగాక ఉత్త కాళ్లతో నడిచి వచ్చాం. ఆయన ఆ వాసన పట్టకపోయి ఉంటే మాలో కొందరం చేతులు కడుక్కోవడానికి ఆ క్షణంలో వాగు మధ్యలో ఉండేవాళ్లం.

పైన గుత్తి దొనల గురించి రాశాను చూడండి. అక్కడ బండ మీద పడ్డ నీళ్లను గాడి పెట్టి, గుంట తవ్వి, కట్ట వేసి నెమ్మది చేశారు. కోనలో ఆ పని చేసినవాళ్లు లేరు. పైన పది ఊళ్ల మేర కొండ మీద పడ్డదంతా ఒక్క సందులోంచి దిగాలి.

ఇంకో సంగతి. నీళ్లు తక్కువగా, నిమ్మళంగా ఉన్నప్పుడు కూడా మోసం ఉంది. ఆదిలాబాద్ కుంటాలలో కడెం నది దూకే చోట బండలో గుండాలు ఉన్నాయి. వరద నీళ్లలో గులకరాళ్లు ఒక పల్లంలో చిక్కుకుని గిర్రున తిరుగుతూ, తిరగలి రాయిలా బండను అరగదీసి లోతు చేస్తాయి. ఏళ్ల తరబడి అలా తిరిగి బావంత గుండం అవుతుంది. గోడలు నున్నగా ఉంటాయి, పట్టుకోవడానికి వేలు దూరే పగులు ఉండదు. పైనుంచి చూస్తే మోకాటి లోతు నీళ్లలా కనబడతాయి. అక్కడ పోయినవాళ్లలో ఎక్కువమంది మీ వయసువాళ్లే. ఒక తల్లి ఆ మెట్ల మీద కూర్చుని ఏడవడం నేను చూశాను. ఆ తర్వాత నెలరోజులు నాకు సరిగా నిద్ర పట్టలేదు.

అందుకని ఫారెస్టువాళ్లు తెరిచిన జలపాతానికే, తెరిచిన రోజుల్లోనే వెళ్లండి. వాజేడు దగ్గర బొగత ఉంది, మీకు దూరమేమీ కాదు. కంచె అవతల నిలబడి చూడండి. ముత్యంధార ఎక్కడికీ పోదు, దారి తెరిచినప్పుడు చూద్దురు గాని.

ప్రశ్న: అక్కా, మేం నలుగురం ఆడవాళ్లం, అందరం నలభై దాటినవాళ్లం. ఇంట్లో మగవాళ్లు లేకుండా ఒక అడవి జలపాతానికి వెళ్లి రావాలని మా కోరిక. తలకోనా, మల్లెలతీర్థమా? ఎప్పుడు? మాకు తెలియాల్సినవి ఏమిటి?
– ఓ సోదరి, నంద్యాల

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పకుండా వెళ్లండి. నేను మొదటిసారి తలకోన చూసింది మా స్కూలు టీచర్లం అయిదుగురం ఆడవాళ్లం కలిసే.

మొదటి ప్రయాణానికి తలకోన మేలు. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా పోవాలి. సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది, యాత్రికుల రాకపోకలు ఉంటాయి. నీళ్లు 270 అడుగుల ఎత్తు నుంచి దిగుతాయి. అక్కడ ఈశాన్య రుతుపవనం వానలూ పడతాయి కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ధార నిండుగా ఉంటుంది. తుపాను హెచ్చరిక ఉంటే మానుకోండి. దారిలో గిల్లతీగ చూడటం మరవొద్దు. మనిషి నడుమంత లావు తీగ చెట్లను పెనవేసుకుని ఎంత దూరం పోయిందో తల తిప్పి చూడాల్సిందే. దాని మీద ఎక్కి ఊగి ఫొటోలు దిగుతున్నారు, మీరు ఆ పని చేయకండి, ఎవరైనా చేస్తుంటే వద్దని చెప్పండి.

మల్లెలతీర్థం హైదరాబాద్–శ్రీశైలం రోడ్డులో వటవర్లపల్లి దగ్గర లోపలికి. మూడు వందలకు పైగా మెట్లు దిగాలి, అంటే మళ్లీ అన్నీ ఎక్కాలి. అది పులులున్న అడవి. ఆ రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. మధ్యాహ్నం మూడింటికల్లా పైకొచ్చేయండి.

జీన్సు వేసుకోకండి, తడిస్తే కాళ్లకు రాళ్లు కట్టుకున్నట్టే. చుడీదార్ హాయి, చున్నీ నడుముకు బిగించి కట్టుకోండి. నున్నగా ఆకుపచ్చగా మెరిసే రాయి పాచి పట్టిన రాయి, దాని మీద కాలు వేయొద్దు. గరుకుగా తెల్లగా ఆరినదాని మీద వేయండి. అడవిలోకి దారి తిరగకముందే రోడ్డు మీది హోటల్లో బాత్రూమ్ పని చూసుకోండి, లోపల నమ్ముకోడానికి లేదు. నెలసరి రోజులైతే వాడినవన్నీ కాగితంలో చుట్టి ఒక సంచిలో వెనక్కి తెచ్చుకోండి, వాగులో గానీ పొదల్లో గానీ వేయకండి. ఇది ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. తలకోనలో కోతులు చేతిలో ప్లాస్టిక్ కవరు కనబడితే లాక్కుంటాయి, తిండి బట్ట సంచిలో పెట్టుకోండి. లోపల ఫోను పనిచేయదు. ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి, ఆ టైము తప్పకండి. వచ్చాక నాకు ఉత్తరం రాయి.

ప్రశ్న: మా ఊరి గుట్ట మీద పాత కోట ఉంది. రాత్రిళ్లు ఎవరో వచ్చి నిధుల కోసం తవ్వుతున్నారు. నందిని పగలగొట్టారు. మేం ఏం చేయగలం?
– పేరు వద్దన్న పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: అన్నా, రాత్రి పూట మీరు ఎదురు పోవద్దు. పగలు వెళ్లి తవ్విన చోటు, విరిగిన విగ్రహం తారీఖు కనబడేలా ఫొటోలు తీసి పోలీసుస్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వండి. కాపీ ఒకటి పురావస్తు శాఖకు, ఒకటి కలెక్టరు ఆఫీసుకు పంపండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు చెప్పి తీరాలి. అది కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడమైతే, దాన్ని పాడుచేసినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఊరి పెద్దలు, బడి పిల్లలు కలిసి నెలకొకసారి గుట్టెక్కే అలవాటు పెట్టుకోండి. మనుషుల అలికిడి ఉన్న చోటికి తవ్వేవాళ్లు రారు.

నిధి ఉందనుకోవడమే తప్పు. ప్రతి కోటా ఎన్నోసార్లు చేతులు మారింది. గెలిచినవాడు వెళ్లిన మొదటి రోజే ఖజానా తీసుకుపోయాడు. ఇప్పుడు తవ్వితే దొరికేవి పెంకులు, ఎముకలు, సున్నం ముద్దలు.

పోయేది ఏమిటో చెప్తాను. ఒక కోటలో గుమ్మం పక్కన బండ మీద శాసనం ఉండేది. నేను వెళ్లేసరికి దాని కింద నిధి ఉందని ఎవరో గునపాలతో బండను చీల్చారు. సగం ముక్క మిగిలింది. తడిగుడ్డతో తుడిచి, పక్కనుంచి టార్చిలైటు వేసి చూశాను, అలా ఏటవాలుగా వెలుగు పడితే అరిగిన అక్షరాలు లేస్తాయి. "...చెఱువు గట్టించిన..." అని ఉంది. అక్కడితో బండ విరిగిపోయింది. ఆ కొండ కింద చెరువు ఇప్పటికీ ఉంది, ఊరివాళ్లు దాని కింద వరి పండిస్తున్నారు. కట్టించినది ఎవరో ఆ విరిగిన ముక్కలో ఉంది. చుట్టూ రెండు గంటలు వెతికాను, దొరకలేదు.

ప్రశ్న: తమిళనాడులోని శెంజి కోటకు వెళ్తున్నాం. మన తెలుగువాళ్లకు దానితో ఏమైనా సంబంధం ఉందా?
– చెన్నైలో స్థిరపడిన దంపతులు

జవాబు: చాలా ఉంది. విజయనగర కాలం నుంచి దాన్ని ఏలిన నాయకులు తెలుగు మాట్లాడినవాళ్లే. మన పల్లెల్లో బుర్రకథగా చెప్పుకున్న దేశింగురాజు ఆ కోటవాడే. ఆర్కాటు నవాబుతో పోరాడి 1714లో చిన్న వయసులోనే చనిపోయాడు. శివాజీ 1677లో ఈ కోట పట్టాడు. ఆయన కొడుకు రాజారాం మొగలుల ముట్టడిని ఏళ్ల తరబడి ఇక్కడే తట్టుకున్నాడు, 1698లో గానీ కోట పడలేదు. 2025లో మరాఠా కోటలతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మూడు కొండల్లో రాజగిరి ఎత్తైనది, ఎనిమిది వందల అడుగులు. పొద్దున్నే దాన్ని ఎక్కేయండి. కొస దగ్గర పెద్ద చీలిక వస్తుంది, దాని మీది వంతెన దాటితేనే పైకి. దిగాక కల్యాణ మహల్ దగ్గర ఆగి, అక్కడికి మట్టి గొట్టాలతో నీళ్లెలా తెచ్చారో చూడండి.

ప్రశ్న: నాకు 72 ఏళ్లు. మోకాళ్లు అరిగాయి. జీవితమంతా ఆఫీసుకే సరిపోయింది, ఒక్క కోటా చూడలేదు. ఇప్పుడు నా వల్ల అవుతుందా?
– విశ్రాంత ఉద్యోగి, విజయవాడ

జవాబు: అవుతుంది అన్నగారూ. కొండవీడుకు ఘాట్ రోడ్డు వేశారు, కారు పైదాకా పోతుంది. పైన చెరువు గట్టున కూర్చోండి. మీకు అది చాలా దగ్గర కూడా.

ఆ తర్వాత గండికోట. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు, ఎక్కుడు లేదు. బండి కోటలోకే పోతుంది. ధాన్యాగారం, మసీదు, మాధవరాయస్వామి గుడి అన్నీ సమనేల మీదే ఉన్నాయి. పెన్న లోయ అంచుకు మాత్రం కొంత దూరం బండల మీద నడవాలి. చేతికర్ర తీసుకుని, పక్కన ఒకరిని పెట్టుకుని, సాయంత్రం నాలుగున్నరకు బయల్దేరండి. కొన దాకా పోనక్కర్లేదు. ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసిన తీరు పది అడుగుల ఇవతల నుంచే కనబడుతుంది. రాతి పొరలు పుస్తకం పేజీల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. పొద్దు వాలేటప్పుడు ఆ గోడ ఎర్రగా మండుతుంది. చలికాలంలో వెళ్లండి, మీ మనవళ్లను వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: టీచర్, నేను ఏడో తరగతి. కోట మీద బావుల్లో ఇప్పుడు కూడా నీళ్లుంటాయా? వాటిలో చేపలుంటాయా? మా ఊరి దగ్గర కూడా ఒక కోట ఉంది. పైన ఒక బావి ఉంది.
– ఒక విద్యార్థిని, రాయదుర్గం

జవాబు: ఉంటాయి తల్లీ. చేపల సంగతి నేను చూడలేదు. కప్పలు మాత్రం ఉంటాయి. వానాకాలం అయిపోయాక గుత్తిలో నేను చూసే దొన దగ్గరికి చప్పుడు చేయకుండా వెళ్లి బోర్లా పడుకుని చూస్తే, నీళ్ల మీద కాళ్లు తేలేసి కళ్లు మాత్రం పైకి పెట్టుకుని ఉంటాయి. మన నీడ పడగానే గుబుక్కున మునుగుతాయి. తర్వాత చాలాసేపటికి ఒక్కొక్కటే పైకొస్తాయి.

ఆ దొనలోకి మెట్లున్నాయి. ప్రతి కార్తీకంలో ఒకసారి వెళ్లి నీళ్ల పైన ఎన్ని మెట్లు కనబడుతున్నాయో లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకుంటాను. టీచరుగా చేరిన ఏడాది నుంచీ రాస్తున్నాను. కరువు ఏళ్లలో అన్ని మెట్లూ బయటపడి అడుగున బురద ఎండి పలకలు పలకలుగా విచ్చేది. పోయిన కార్తీకంలో మూడు మెట్లే కనబడ్డాయి, మిగతావన్నీ నీళ్లలో ఉన్నాయి.

మీ కోట మీది బావి దగ్గరికి నువ్వు ఒక్కదానివే పోవద్దు. అమ్మనో నాన్ననో మీ టీచరునో తీసుకెళ్లు. అంచుకు దూరంగా నిలబడు, రాయి వేయకు. మెట్లుంటే ఎన్ని కనబడుతున్నాయో లెక్కపెట్టి తారీఖుతో సహా నాకు రాసి పంపు. నా నోటుబుక్కులో నీ బావికి ఒక పేజీ తీసిపెడతాను.